మూడు సూదుల కాలం

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి వచ్చే బస్సులో మధ్యాహ్నం పూట కూర్చుంటే, ఒక మలుపు దగ్గర కొండ నేలను వదిలి పైకి లేస్తుంది. అడుగున గాలి మరిగి, కొండకూ నేలకూ మధ్య తెల్లటి నీరు లాంటిది పారుతుంది. అది నీరు కాదని నాకు తెలుసు. ఎందుకలా కనబడుతుందో ఎనిమిదో తరగతి పిల్లలకు బొమ్మ గీసి ఏటేటా చెబుతాను. అయినా ఆ మలుపు వస్తే కిటికీ వైపు ఒరుగుతాను. ఆ ఏడాది ఆ దారిలో చాలాసార్లు తిరిగాను. అందుకేనేమో, ఆ రోజులు తలుచుకుంటే జబ్బు కంటే ముందు నాకు ఆ తేలే కొండే కనబడుతుంది.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేస్తాడు. మర్రిపాడు నుంచి కొండాపురం దాకా ఎవరి పొలంలో మోటారు కాలినా ఆయన ఫోను మోగుతుంది. నేను బడిలో సైన్సు చెబుతాను. సెలవుల్లో మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను, పిలిచిన ఊరికి వెళ్ళి మాట్లాడతాను. మా పెళ్ళి ఆత్మకూరులో ఒక సభలో దండలు మార్చుకుని జరిగింది. మంత్రం లేదు, ముహూర్తం లేదు, తాళి లేదు. ఆయన్ని నేను నువ్వు అంటాను. ఇరవై రెండేళ్ళు గడిచినా మా వీధిలో కొందరికి అది ఇంకా కొత్తగానే వినిపిస్తుంది. మాకు పిల్లలు లేరు. ఇల్లంతా మేమిద్దరమే.

శివరాత్రికి కాస్త ముందు ఆయన హెర్నియా ఆపరేషన్ కోసం ఆత్మకూరు వెళ్ళి రక్తపరీక్షలు చేయించుకుని వచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతికి మోటారు గ్రీజు లేదు. అలా శుభ్రమైన చేతులతో పగటిపూట ఇంట్లో ఉండటం ఆయనకు అలవాటు లేదు.

"రక్తంలో ఏందో ఉండాదంట," అన్నాడు.

"ఏందో అంటే?"

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. హెపటైటిస్ బి. కాలేయానికి పట్టే వైరస్. కళ్ళు పచ్చబడకుండా, ఒళ్ళు వేడెక్కకుండా, ఎన్నేళ్ళ నుంచో చప్పుడు లేకుండా ఆయనలో ఉంది.

"ఆపరేషనుకు అడ్డం లేదంట. వాళ్ళ జాగ్రత్తలో వాళ్ళుండి చేస్తారంట. ఇది మాత్రం జన్మంతా ఉండొచ్చంట, అప్పుడప్పుడూ వచ్చి లివరు చూపించుకోమన్నారు." ఆగి, నేల చూస్తూ చెప్పాడు. "పుట్టినప్పుడే మా అమ్మ నుంచి వచ్చుండొచ్చంట. చిన్నప్పుడు ఒకే సూది అందరికీ పొడిచేవాళ్ళు గదా, ఆడ నుంచి వచ్చుండొచ్చంట. ఇంకా రకరకాలుగా వస్తాదంట."

ఆ రకరకాలు ఏమిటో నాకు తెలుసు. అడగలేదు. అడగకపోవడమే నమ్మకం అనుకున్నాను, ఆ నమ్మకం చూసుకుని కొంచెం మురిసిపోయాను కూడా.

"నీకూ పరీక్ష చెయ్యమన్నాడు డాక్టరు," అన్నాడు. "నీకు లేకుంటే, రాకుండా మూడు సూదులు వేసుకోమన్నాడు."

"ఇరవై రెండేళ్ళ కాపురం. రావాల్సిందైతే ఎప్పుడో వచ్చుండేది," అన్నాను.

సభలో మాట్లాడే గొంతుతో అన్నాను. ఆ గొంతు వస్తే మా ఇంట్లో ఎదురు మాట రాదు. ఆయన తల ఊపి, "నువ్వు చెప్పినాక ఇంకేముండాదిలే," అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చిన వారానికి వాళ్ళక్క వచ్చింది. ఆమె మా వీధి చివరనే ఉంటుంది, తమ్ముడంటే ప్రాణం. సంచిలోంచి కొత్త స్టీలు పళ్ళెం, గ్లాసు తీసి వంటింటి గట్టు మీద పెట్టింది.

"మే, ఇంక వాడికి ఈ పళ్ళెంలోనే పెట్టు. దీన్ని వేరేగా కడుగు."

"ఎందుకు వదినా?"

"ఎందుకేంది? రక్తం చెడిందంట గదా. నీ మంచికే చెప్తుండా."

"పళ్ళేలతో రాదు వదినా అది. కలిసి తింటే రాదు, నీళ్ళు తాగితే రాదు, పక్కన కూర్చుంటే రాదు."

"కొండాపురం కాడ పసరు పోసే ఆయన ఉండాడు. కామెర్లకు పేరున్న మనిషి. వారానికి మూడు రోజులు జనం క్యూలో ఉంటారు."

"కళ్ళు పచ్చబడనే లేదు, ఆయన దేనికి పోస్తాడు పసరు?"

"పచ్చబడకముందే పోస్తే ఇంకా మంచిది గదా!"

మా ఆయన అన్నం ముందు కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఆయన పళ్ళెంలోంచే పప్పన్నం ముద్ద తీసుకుని తిన్నాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు దేవుడు లేడు, మంత్రం లేదు. ఎంగిలైనా ఉండాదనుకున్నానే ఇన్నాళ్ళూ!"

ఆ మాటకు మా ఆయన నవ్వాడు. కుట్లు నొప్పి పుట్టి పొట్ట పట్టుకుని మళ్ళీ నవ్వాడు. ఆ వాదనలో నేనే గెలిచాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే, ఇప్పటికీ నిజమే. మనిషిని పళ్ళెం దగ్గర వేరుచేయడానికి ఏ వైరసూ కారణం కాదు. అంత నిజం నా వైపు ఉండటం వల్లే, నేను చెప్పని సంగతి మీద నా చూపు పడలేదు.

వదిన పళ్ళెం వాడలేదు గానీ ఆయనే దూరం జరిగాడు. మంచం మిద్దె మీద వేసుకున్నాడు. అడిగితే "ఆడ గాలి బాగుంటాదిలే" అన్నాడు. తువ్వాలు వేరే తీగ మీద ఆరేసుకునేవాడు. పొద్దున్నే మెట్లు దిగి వచ్చి, పక్కింటి వాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా నాతో మాట్లాడేవాడు. ఒకే ఇంట్లో ఉంటూనే ఆయన నాకు ఎక్కడో దూరంగా, నీళ్ళకు అవతల నిలబడినట్టు ఉండేవాడు. నేను పిలిస్తే వచ్చేవాడు. పిలవడం నాకు చేతకాలేదు. వేసవి ముదిరింది. మధ్యాహ్నాలు తెల్లగా, పొడుగ్గా సాగేవి. బడి లేని రోజుల్లో చాప మీద పడుకుని పై నుంచి మంచం కిర్రుమనే చప్పుడు వింటూ, మెలకువో నిద్రో తెలియని చోట ఉండిపోయేదాన్ని.

ఉగాది వెళ్ళాక ఒక పొద్దున ఆయన కుంటుతూ వచ్చాడు. మోటారు చూడటానికి పొలం గట్టున నడుస్తుంటే కంపముల్లు చెప్పును దాటుకుని మడమలో దిగిందట. మా వైపు కంపచెట్టు లేని గట్టు ఉండదు, ముల్లు దిగని కాలు ఉండదు. అందుకే ఇక్కడి ఆడవాళ్ళు తాళికో గాజుకో పిన్నీసులు తగిలించుకుని తిరుగుతారు. భర్త కాలు, పిల్లల కాలు, పొరుగింటి ముసలామె కాలు, తన కాలు, అన్నింటికీ అదే పిన్నీసు. నాకు తాళి లేదు గానీ మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు, గాజుకు ఎప్పుడూ రెండు ఉంటాయి.

మెట్టు మీద కూర్చోబెట్టి ఆయన పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎన్ని వారాల తర్వాతో ఆయన ఒంటి వేడి నాకు తగిలింది. తొందరపడలేదు. ముల్లు చుట్టూ మెల్లగా గిల్లుతూ, అక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా అని అడుగుతూ, అవసరమైన దాని కంటే చాలాసేపు ఆ పాదం పట్టుకున్నాను. గాలికి వేపపూత రాలుతోంది. ముల్లు వచ్చింది. వెనకే ఒక ఎర్రటి చుక్క ఉబికింది. పిన్నీసు కొంగుకు తుడిచి గాజుకు తగిలించుకున్నాను. ఆ సాయంత్రం పెరట్లో కంప ఏరుతుంటే నా బొటనవేల్లో ముల్లు విరిగింది. చేతికి అందిన పిన్నీసుతో తవ్వి తీసుకున్నాను. ఆ రెండో సంగతి వెంటనే మరిచిపోయాను. పొద్దుటి పాదం మాత్రం రోజూ గుర్తొచ్చేది.

రెండు నెలలకు ఆయన్ని లివరు పరీక్షలకు ఆత్మకూరు తీసుకెళ్ళాను. రక్తం తీసే గదిలో ఉన్న నర్సు మర్రిపాడు పక్క పల్లె మనిషి. నా కంటే నాలుగైదేళ్ళు చిన్న. ఆయన చేతికి రబ్బరు గొట్టం బిగిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, నువ్వు వేసుకుండావా సూదులు?"

నేను నా ఇరవై రెండేళ్ళ మాట చెప్పాను. అంతటితో ఆగకుండా, జబ్బున్న మనిషిని ఇంట్లో వెలివేయకూడదని, భార్య భయపడితే ఊరంతా భయపడుతుందని, నేను ఆయన పళ్ళెంలోనే తింటున్నానని కూడా చెప్పాను. ఆమె రక్తం తీయడం పూర్తిచేసి, దూది అదిమి, సూదిని డబ్బాలో పడేసి అప్పుడు నా వైపు తిరిగింది.

"మాటలు బాగుండాయక్కా. రక్తానికి చెవులుండవు గదా."

మా ఆయన పైకి ఫ్యాను వైపు చూశాడు.

"పళ్ళెంలో తిను, ఎవురొద్దన్నారు? అది పళ్ళెంలో రాదు. రక్తంలో వస్తాది, కాపురంలో వస్తాది. ఇరవై రెండేళ్ళు రాలేదంటే ఇరవై మూడో ఏడు రాదని ఏ పుస్తకంలో రాసుండారు? నువ్వు సైన్సు టీచరంట గదా!"

నేను నోరు తెరిచే లోపల ఆమె నా చేతి వైపు చూసింది.

"ఆ పిన్నీసులు దేనికి?"

"దేనికైనా."

"ముళ్ళు తీసేదానికేనా? ఆయన కాల్లోది, నీ కాల్లోది?"

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా బొటనవేలు ఒక్కసారిగా నాకు గుర్తొచ్చింది. తుడిచిన కొంగు, ఆ ఎర్రటి చుక్క, వేపపూత, అన్నీ వరసగా వచ్చాయి. తుడిస్తే కంటికి రక్తం పోతుంది. కంటికి కనిపించనిది రోజుల తరబడి అక్కడే ఉంటుంది. ఇది నేను చదివిన సంగతే. కాగితం చూసిన రోజే చదివాను.

"పరీక్ష చెయ్యి నాకు," అన్నాను. గొంతు సభలోది కాదు. రెండు నెలల కిందటి ఆ రెండు ముళ్ళ సంగతీ, ఒకే పిన్నీసు సంగతీ ఆమెకు చెప్పాను.

ఫలితం రావడానికి గంట పడుతుందన్నారు. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నేను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. పల్లెల్లో నాకు ఎదురొచ్చిన మాటలు ఒక్కొక్కటే వినబడ్డాయి. రాసిపెట్టి ఉంటే వస్తాదమ్మా, లేకుంటే రాదు. వేదిక మీద నుంచి ఆ మాటను ఎన్నిసార్లు చీల్చి చెండాడానో! మరి నేనన్నదేమిటి? రావాల్సిందైతే ఎప్పుడో వచ్చుండేది. తలరాతలోంచి దేవుణ్ణి తీసేసి, రాతను మాత్రం దాచుకున్నాను. పైగా దాన్ని ధైర్యమని, ప్రేమని పిలిచాను. సూది వేసుకుంటే ఆయన్ని అనుమానించినట్టు అవుతుందని లోపల ఎక్కడో అనుకున్నాను. వదినకు పళ్ళెం ఎలాగో నాకు ఆ సూది అలాగ. ఇద్దరం తాకకూడనిది ఒకటి పెట్టుకున్నాం.

ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. పెద్ద సభ, నేను మాట్లాడుతున్నాను. ముందు వరసలో అందరూ చక్కగా కూర్చున్నారు. చూస్తే ఒక్కరికీ చెవులు లేవు. నేను గొంతు పెంచుతున్న కొద్దీ హాలు నిండా తెల్లటి నీరు పైకొస్తోంది. వాళ్ళంతా నవ్వుముఖాలతో, కుర్చీలతో సహా, మెల్లగా తేలిపోతున్నారు.

"అక్కా!"

లేచేసరికి నర్సు ఎదురుగా నిలబడి ఉంది. మా ఆయన అప్పటికే లేచి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పటికైతే లేదు."

ఆయన గోడకు ఆనుకున్నాడు.

"ఇప్పటికైతే అంటే?" అన్నాను.

"ముల్లు గుచ్చుకోని రెండు నెల్లేగదా. లోపల పడినా కొన్నాళ్ళు దాక్కోని ఉంటాది. మళ్ళా చూస్తాం. ఆ రోజే పరిగెత్తుకోని వచ్చుంటే సూదితో పాటు ఇంకో మందు గూడా వేసేవాళ్ళు. సరే, అయిందేదో అయింది. ఇయ్యాల మొదటిది. నెలకు రెండోది. ఆర్నెల్లకు మూడోది. మూడూ అయినాక, నీ ఒంట్లో దాన్ని ఆపే బలం వచ్చిందా లేదా ఇంకో పరీక్ష. అందాకా కండోమ్ వాడుకోండి."

"ఆయన మిద్దె మీద పడుకుంటాడు," అన్నాను.

"మిద్దె మీద పడుకుంటే వైరసు పోదక్కా, దోమలు కుడతాయి అంతే."

పై చేతికి సూది వేసింది. చిన్న చురుకు, అంతే. దాని కోసం నేను నాలుగు నెలలు వాదించాను.

నెల తర్వాత రెండో సూది వేయించుకుని వస్తున్నప్పుడు బస్సు దాదాపు ఖాళీగా ఉంది. ఉన్న కొద్దిమందీ ఊగుతూ నిద్రపోతున్నారు. ఆయన నా పక్కన కూర్చుని కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. బయటికి చూస్తూనే అన్నాడు.

"నన్ను నువ్వు అడగలేదు."

"ఏంది అడగలేదు?"

"ఎట్ట వచ్చిందని. యాడన్నా తిరిగినానా అని. అక్క గూడా అడిగింది తలుపు చాటున. నువ్వడగలేదు."

"నమ్మకం ఉండి అడగలేదు."

"అడుగుంటే బాగుండు. అడిగితే లేదని చెప్పుండేవాణ్ణి. నువ్వడక్కపోయేసరికి ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. కింద పడుకుంటే, చీకట్లో నువ్వదే అనుకుంటా ఉండావేమోనని..."

అంటే మిద్దె మీదికి ఆయన్ని పంపింది జబ్బు కాదు, నా మర్యాద. ఎదుటి మనిషి చేత సూటిగా జవాబు చెప్పించడంలో నన్ను మించినవాళ్ళు లేరని సభల్లో అనేవాళ్ళు. ఇంట్లో ఒక్క ప్రశ్న వేయలేకపోయాను.

"ఏమన్నా ఉండాదా?" అని అడిగాను.

"లేదు మే."

"సరే."

బస్సు మలుపు తిరిగింది. ఎదురుగా కొండ పైకి లేచి ఉంది. ఇద్దరం చూశాం. ఆ వారంలో మొదటి వాన పడింది. మంచం తడుస్తుందన్న సాకుతో ఆయన దాన్ని కిందికి దించాడు. ఆ వయసులో మందుల షాపుకు వెళ్ళి అడగడానికి సిగ్గుపడి, ఊళ్ళో వద్దని ఆత్మకూరులో కొనుక్కొచ్చాడు. పొట్లం నా చేతిలో పెట్టి "టీచరమ్మా, ఇదిగో నీ సైన్సు" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా మేమంతగా నవ్వుకోలేదు.

కార్తీకం వెళ్ళాక మూడో సూదికి వదినను కూడా లాక్కెళ్ళాం. ఒక తల్లి పిల్లలు కాబట్టి ఆమె కూడా చూపించుకోవాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. "నాకేం రోగం, నేను యాడికి తిరిగినాను" అని దారంతా గొణిగింది. ఆమెకు లేదని తేలింది. తేలిన మరుక్షణం చీర చెంగు భుజం మీదికి లాగి "నాకూ వెయ్యి మే ఆ సూది, మిగిలుంటే" అని నర్సును అడిగింది. పళ్ళెం విషయంలో మాత్రం ఆమె మారలేదు. ఆమె ఇంటికి వెళితే తమ్ముడికి ఇప్పటికీ వేరే పళ్ళెమే. నేను ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను. ఆ రోజు నాకు రెండోసారి చేసిన పరీక్షలోనూ జబ్బు లేదనే వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. సూదులు నాలో పనిచేశాయా లేదా. కొందరి ఒంట్లో అవి నిలవవని, అప్పుడు మళ్ళీ మొదటి నుంచి వేయాలని నర్సు ముందే చెప్పింది.

ఆ పరీక్ష కోసం పుష్యమాసంలో వెళ్ళాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఉదయగిరి వదిలాక కొండ లేదు, పొలాలు లేవు. బస్సు కదులుతోందో లేదో తెలియడానికి కండక్టరు ఊళ్ళ పేర్లు అరవడమే ఆధారం. దిగే మనుషులు రెండడుగులు వేసి మాయమయ్యేవాళ్ళు. అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు.

రక్తమిచ్చి, బయట టీ తాగి, మళ్ళీ వెళ్ళి అదే వరండాలో కూర్చున్నాం. చాలాసేపటికి గానీ కాగితం రాలేదు. నర్సు చదివి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది.

"నిలిచిందక్కా. బాగా నిలిచింది."

నేను అడిగే లోపలే మా ఆయన ముందుకు వచ్చాడు.

"ఇంక నా నుంచి ఆమెకు రాదా?"

"రాదన్నా."

"నా రక్తం తగిలినా?"

"తగిలినా రాదు. ఎవురి పిన్నీసు వాళ్ళు పెట్టుకోండి, అది వేరే సంగతి. మీ లివరు గూడా బాగానే ఉండాది, ఆర్నెల్లకు మళ్ళా రండి."

"ఎప్పటికీ రాదా?"

"ఎన్నిసార్లు చెప్పాల అన్నా? రాదు, రాదు, రాదు. ఇంటికి పొండి."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. ఏడాది పాటు తన ఒంటిని తానే దూరంగా పట్టుకుని నడిచిన మనిషి, చేతిలో బరువు దించినట్టు రెండు అరచేతులూ తెరిచి చూసుకున్నాడు. బయట మంచు విడుతోంది. గేటు, సైకిలు, టీ బంకు ముందు నిలబడ్డ మనిషి, ఒక్కొక్కటే ఎవరో అప్పుడే అనుకుని పెట్టినట్టు కనబడుతున్నాయి.

ఆయన చెయ్యి చాచి, జాకెట్టు అంచు కింద, సూది వేసిన చోట మెల్లగా ఆనించాడు.

"నొప్పి తగ్గిందా?"

ఆ నొప్పి పోయి నెల దాటింది. తెలిసి తెలిసి అబద్ధం ఆడకూడదన్నది నేను ఊహ తెలిసినప్పటి నుంచి పట్టుకున్న నియమం.

"ఇంకా కొంచెం ఉండాది," అన్నాను.

ఆయన చెయ్యి తీయలేదు.